పిలిచిన పేరు, ఇవ్వని బంతి: చక్ కూపర్ జీవితం

1950 ఏప్రిల్ 25. షికాగో నగరంలో ఒక సమావేశం. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సంఘం ఎన్‌బీఏలోని జట్ల యజమానులంతా కూర్చున్నారు. ఆ ఏడాది కాలేజీ చదువు ముగించుకుని వస్తున్న ఆటగాళ్ళలో ఎవరిని ఏ జట్టు తీసుకోవాలో తేల్చే రోజు అది. మొదటి రౌండు అయిపోయింది. రెండో రౌండులో బోస్టన్ సెల్టిక్స్ వంతు వచ్చినప్పుడు దాని యజమాని వాల్టర్ బ్రౌన్, డ్యూకేన్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ కూపర్ పేరు చెప్పాడు.

గదిలో మాట ఆగిపోయింది. ఆ కుర్రాడు నల్లవాడని తెలుసా అని ఒక యజమాని బ్రౌన్‌ను అడిగాడు. ఒంటి మీద చారలున్నా చుక్కలున్నా తనకు అనవసరమని, బోస్టన్‌కు అతను కావాలని బ్రౌన్ బదులిచ్చినట్టు డెబ్భై ఏళ్ళకు పైగా చెప్పుకుంటున్నారు. ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఒక జట్టు నల్లజాతి ఆటగాణ్ణి ఎంపిక చేసుకోవడం అదే మొదటిసారి.

చాలామంది ఈ కథను ఇక్కడే ముగిస్తారు. టాలెంట్ ఉంది, మంచి యజమాని ఉన్నాడు, తలుపు తెరుచుకుంది. మనకు చిన్నప్పటి నుంచీ చెబుతున్న కథ కూడా ఇలాంటిదే. బాగా చదువు, బాగా ఆడు, నీలో సరుకుంటే నీ కులం ఎవరు చూస్తారు అంటారు. కూపర్ జీవితాన్ని ఆ గదికి ముందు నుంచీ, ఆ గది తర్వాత చివరిదాకా చదివితే వేరే సంగతి తెలుస్తుంది. ఆయనలో సరుకుందని అందరికీ ముందే తెలుసు. అయినా అందరూ ఊరుకున్నారు. చివరికి ఒకరు పిలిచారు. పిలిచాక బంతి మాత్రం ఇంకొకరి చేతికిచ్చారు.

పిట్స్‌బర్గ్ కుర్రాడు

చార్లెస్ హెన్రీ కూపర్ 1926 సెప్టెంబర్ 29న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి పోస్ట్‌మాన్. తల్లి టీచర్. దక్షిణాది పొలాల నుంచి, అక్కడి మూకహత్యల నుంచి తప్పించుకుని ఉత్తరాదికి తరలివచ్చిన లక్షలాది నల్లజాతి కుటుంబాలకు ఈ ఉక్కు నగరం ఒక మజిలీ. మిల్లుల్లో పని దొరికేది. అది ఎక్కువగా కొలిమి దగ్గర ఉండే బరువు పని. ఉండటానికి వాళ్ళ పేటలు వేరు, ఆడటానికి వాళ్ళ జట్లు వేరు. బేస్‌బాల్‌లో నల్లవాళ్ళకు ప్రత్యేకంగా ఉన్న లీగుల్లోని గొప్ప జట్లలో రెండు, హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్, ఈ ప్రాంతానివే.

గోదావరి జిల్లాల వాళ్ళకు పిట్స్‌బర్గ్ మరీ పరాయి పేరేమీ కాదు. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హేయర్ అంతకుముందు పిట్స్‌బర్గ్‌లో పాస్టరుగా పనిచేసినవాడే. 1869లో, డెబ్భై ఆరేళ్ళ వయసులో, రాజమండ్రి మిషన్‌ను నిలబెట్టడానికి ఆయన మళ్ళీ ఓడెక్కాడు. డెల్టా పేటల్లో ఎన్నో కుటుంబాల మొదటి బడి అలాంటి మిషన్లు పెట్టిందే. బాస్కెట్‌బాల్ కూడా అటువంటి దారిలోనే మనదాకా వచ్చింది. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ కనిపెట్టిన ఈ ఆటను వైఎంసీఏ వాళ్ళే మన దేశానికి తెచ్చారు. 1920లో హ్యారీ బక్ మద్రాసులో ప్రారంభించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల డ్రిల్లు మాస్టార్లను తయారు చేసింది. అప్పటికి మన డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఆటను, అక్షరాన్ని మోసుకొచ్చిన ఆ దేశంలో మాత్రం నల్ల పిల్లలు ఎవరితో ఆడాలన్నది రంగే నిర్ణయించేది.

కూపర్ వెస్టింగ్‌హౌస్ హైస్కూల్లో చదివారు. నగరంలోని మేటి స్కూలు ఆటగాళ్ళ జట్టులో ఆయన పేరుండేది. 1944లో స్కూలు ముగిశాక నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన వెస్ట్ వర్జీనియా స్టేట్ కాలేజీలో కొంతకాలం ఉన్నారు. తర్వాత నౌకాదళంలో చేరారు. 1946లో బయటికొచ్చి సొంత ఊళ్ళోనే ఉన్న క్యాథలిక్ విద్యాసంస్థ డ్యూకేన్‌లో చేరారు.

డ్యూకేన్‌కు కూపర్ కంటే ముందే ఒక నల్లజాతి ఆటగాడి చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కంబర్లండ్ పోసీ అనే యువకుడు అక్కడ చార్లెస్ కంబర్ట్ అనే మారుపేరుతో ఆడాడు. తెల్లగా కనిపించే ఒంటిరంగు, మార్చుకున్న పేరు ఆయనను కోర్టు దాకా చేర్చాయి. తర్వాత ఇదే పోసీ హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టును నడిపి నల్లజాతి బేస్‌బాల్‌కు పెద్దదిక్కయ్యాడు. అద్దె ఇంటి కోసం, ఉద్యోగం కోసం ఇంటిపేరు మింగేసుకునే మనవాళ్ళకు పోసీ చేసిన పని విడమరిచి చెప్పక్కర్లేదు. పోసీ 1946లో చనిపోయాడు. అదే ఏడాది కూపర్ తన సొంత పేరుతో, దాచుకోవడానికి వీల్లేని రంగుతో, అదే కాలేజీ చొక్కా తొడుక్కున్నారు.

ఆడకుండానే ముగిసిన ఆట

ఆ చొక్కా తొడిగిన మొదటి చలికాలంలోనే కూపర్‌కు తన స్థానం ఏమిటో చూపించారు. 1946 డిసెంబర్ 23న పిట్స్‌బర్గ్ పక్కనున్న మెకీస్‌పోర్ట్‌లో డ్యూకేన్‌కు, దక్షిణాది నుంచి వచ్చిన టెనెసీ విశ్వవిద్యాలయానికి మ్యాచ్. రెండు వేలమందికి పైగా జనం కూర్చుని ఉన్నారు. కూపర్‌ను దింపబోమని మాటిస్తే తప్ప తన జట్టు కోర్టులోకి రాదని టెనెసీ కోచ్ జాన్ మావర్ పట్టుబట్టాడు. డ్యూకేన్ కోచ్ చిక్ డేవిస్ కొంత తగ్గాడు. కూపర్‌ను మొదట్లో దింపనని, మ్యాచ్ చేజారే పరిస్థితి వస్తే తప్ప వాడుకోనని ప్రతిపాదించాడు. టెనెసీ దానికీ ఒప్పుకోలేదు. పూర్తిగా తప్పించడానికి డ్యూకేన్ ఒప్పుకోలేదు. ఆట జరగలేదు. జనం లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఈ సంఘటనలో రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, డ్యూకేన్ చివరికి తన ఆటగాడి పక్కన నిలబడింది. 1946లో అది చిన్న విషయం కాదు. రెండు, నిలబడటానికి ముందు బేరమాడింది. పూర్తిగా వెలివేయమనే వాళ్ళకూ, అవసరమైతేనే వాడుకుంటామనే వాళ్ళకూ మధ్య జరిగిన ఆ బేరంలో ఇరవై ఏళ్ళ కూపర్ అభిప్రాయానికి చోటు లేదు. తర్వాత ఆయన జీవితమంతా ఈ అవసరమైతేనే అన్న మాట వెంటాడింది.

అదే 1946లో డాక్టర్ అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఒక ఉత్తరం రాశారు. నల్లజాతి వాళ్ళు ఐక్యరాజ్య సమితికి పెడుతున్న వినతిపత్రం ప్రతి కావాలని అడిగారు. అంటరానివాళ్ళ పరిస్థితికీ, నల్లవాళ్ళ పరిస్థితికీ ఉన్న పోలికను ఆయన గుర్తించారు. ఆ పోలిక న్యాయస్థానాల్లో, చట్టసభల్లో మాత్రమే ఉండేది కాదు. మెకీస్‌పోర్ట్ స్కూలు జిమ్‌లో ఆ రాత్రి ఖాళీగా మిగిలిన కోర్టులో కూడా అది కనిపిస్తుంది.

స్కౌట్ కాగితంలో లేని గడి

కాలేజీ ఆటగాణ్ణి వృత్తి జట్టు కోసం చూసే మనిషిని స్కౌట్ అంటారు. అతను కొన్ని గడులు నింపుతాడు. ఎత్తెంత, చేతుల నిడివెంత, కాళ్ళ వేగం ఎలా ఉంది, బంతిని రెండు చేతులతోనూ ఆడించగలడా, దూరం నుంచి వేయగలడా, ఎదుటివాణ్ణి ఆపగలడా, బుట్ట తగిలి తిరిగొచ్చిన బంతిని పట్టగలడా. ఆ తర్వాత కొలతకు అందని గడులు వస్తాయి. ఒత్తిడిలో బుర్ర పనిచేస్తుందా, కోచ్ మాట వింటాడా, జట్టులో ఇముడుతాడా. 1950లో ఇప్పటిలాగా వీడియోలు లేవు, జీతమిచ్చి పెట్టుకున్న స్కౌట్లు తక్కువ. కోచ్‌ల నోటిమాట, పేపర్లలో వచ్చే స్కోర్లు, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగే టోర్నమెంట్లు, వీటి మీదే ఎంపికలు జరిగేవి.

ఈ గడుల్లో ఏది చూసినా కూపర్‌కు మంచి మార్కులే పడాలి. ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు. పెద్దవాళ్ళతో బుట్ట కింద తలపడగల బలం, చిన్నవాళ్ళను కాపలా కాయగల వేగం రెండూ ఉన్నవాడు. ఫార్వర్డ్‌గా ఆడగలడు, అవసరమైతే గార్డ్ స్థానంలోనూ నిలబడగలడు. ఆయన ఉన్న నాలుగేళ్ళలో డ్యూకేన్ 78 మ్యాచ్‌లు గెలిచి 19 మాత్రమే ఓడింది. కాలేజీలో ఆయన చేసిన 990 పాయింట్లు అప్పటికి ఆ సంస్థ రికార్డు. చివరి ఏడాది ఆయన కెప్టెన్. జట్టు 23 గెలిచి 6 ఓడింది, న్యూయార్క్‌లో జరిగే జాతీయ ఆహ్వాన టోర్నమెంటులో ఆడింది. దేశంలోని మేటి ఆటగాళ్ళ ఆల్ అమెరికన్ జాబితాలో ఆయన పేరొచ్చింది. అంటే ఆయనను ఎవరూ చూడలేదనడానికి వీల్లేదు. అందరి కళ్ళ ముందే ఆడారు.

కాగితం మీద లేని గడి ఒకటుంది. అది ఎవరూ రాయరు, అందరూ నింపుతారు. ఎన్‌బీఏ రాజ్యాంగంలో నల్లవాళ్ళను తీసుకోకూడదని నిబంధనేమీ లేదు. 1947లో న్యూయార్క్ జట్టు వాటారు మిసాకా అనే జపనీస్ అమెరికన్ గార్డ్‌ను తీసుకుని మూడు మ్యాచ్‌ల తర్వాత పంపించేసింది. అదే ఏడాది జాకీ రాబిన్సన్ బేస్‌బాల్ పెద్ద లీగులో అడుగుపెట్టాడు. బాస్కెట్‌బాల్ యజమానులు మాత్రం కదల్లేదు. దానికి ఒక డబ్బు కారణం కూడా ఉంది. నల్లజాతి ఆటగాళ్ళ కోసం హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ అనే ప్రదర్శన జట్టు ఉండేది. యజమాని ఏబ్ సేపర్‌స్టీన్ తెల్లవాడు. ఎన్‌బీఏ మ్యాచ్‌లకు జనం పలచగా వచ్చే రోజుల్లో, అదే మైదానంలో గ్లోబ్‌ట్రాటర్స్ ఆట కూడా పెడితే టికెట్లు అమ్ముడయ్యేవి. నల్ల ఆటగాళ్ళు అతని చేతిలోనే ఉండాలన్నది అతని లెక్క. అతన్ని నొప్పించకూడదన్నది మిగతావాళ్ళ లెక్క. నల్లవాడి ఆటకు ప్రేక్షకులున్నారు. ఆ ఆట గంభీరమైన పోటీగా కాకుండా నవ్వించే ప్రదర్శనగా ఉన్నంత కాలం ఎవరికీ అభ్యంతరం లేదు. డప్పు కావాలి, డప్పు కొట్టేవాడు మాత్రం గుడి బయటే ఉండాలనే మన ఊళ్ళ లెక్క లాంటిదే ఇది.

కూపర్ కూడా కాలేజీ అయిపోగానే గ్లోబ్‌ట్రాటర్స్‌తో కొద్దికాలం తిరిగారు. ఇంతలో బ్రౌన్ ఆయన పేరు పిలిచాడు. సేపర్‌స్టీన్ మండిపడి ఇక బోస్టన్‌లో తన జట్టు ఆడదని బెదిరించాడు. బ్రౌన్ వెనక్కి తగ్గలేదు. అదే డ్రాఫ్టులో వాషింగ్టన్ జట్టు తొమ్మిదో రౌండులో ఎర్ల్ లాయిడ్‌ను తీసుకుంది. న్యూయార్క్ జట్టు గ్లోబ్‌ట్రాటర్స్ నుంచి నాట్ క్లిఫ్టన్‌ను కొనుక్కుంది. ఒకడు తలుపు తీశాక మిగతావాళ్ళకు ఉన్నట్టుండి ఆటగాళ్ళు కనిపించారు. వాళ్ళు నిన్న లేనివాళ్ళు కాదు.

టోపీలోంచి తీసిన గార్డ్

ఎంపిక శాస్త్రం ఎంత నిష్పక్షపాతమైందో చెప్పడానికి ఆ ఏడాదే ఇంకో కథ ఉంది. బోస్టన్ దగ్గర్లోని హోలీక్రాస్ కాలేజీలో బాబ్ కూజీ అనే తెల్లజాతి గార్డ్ ఉన్నాడు. గార్డ్ అంటే బంతిని కోర్టు మీద ముందుకు తీసుకెళ్ళేవాడు, దాన్ని ఎవరికివ్వాలో, ఎప్పుడివ్వాలో నిర్ణయించేవాడు. స్థానిక పత్రికలు, అభిమానులు కూజీ కావాలని అడిగారు. సెల్టిక్స్ అతన్ని వదిలేసి, మొదటి రౌండులో చార్లెస్ షేర్ అనే ఆరడుగుల పదకొండంగుళాల పొడగరిని తీసుకుంది. కొత్తగా కోచ్‌గా వచ్చిన రెడ్ ఆవర్‌బాక్‌కు కూజీ ఆట మీద పెద్ద నమ్మకం లేదు. షేర్ బోస్టన్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

కూజీని వేరే జట్టు తీసుకుంది. అక్కణ్ణుంచి అతను షికాగో జట్టుకు మారాడు. సీజన్ మొదలయ్యే ముందే ఆ షికాగో జట్టు మూతపడింది. దానిలో మిగిలిన ముగ్గురు గార్డ్‌ల పేర్లు చీటీల మీద రాసి టోపీలో వేశారు. మూడు జట్లు తలా ఒక చీటీ తీశాయి. వాల్టర్ బ్రౌన్ కోరుకున్నది మాక్స్ జస్లోఫ్‌స్కీని. చేతికొచ్చింది కూజీ పేరు. వద్దనుకుని వదిలేసిన, టోపీలోంచి అదృష్టం కొద్దీ వచ్చిన ఆ గార్డ్ వరసగా ఎనిమిది సీజన్లు లీగులో అందరికంటే ఎక్కువ పాస్‌లు అందించి, సెల్టిక్స్‌తో ఆరు చాంపియన్‌షిప్‌లు గెలిచాడు.

కూజీ గొప్ప ఆటగాడు. అతని గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒకే జట్టులోకి ఒకే సీజన్‌లో ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకణ్ణి వద్దనుకున్నారు, అయినా బంతి చేతికిచ్చి, తప్పులు చేసే సమయమిచ్చి, జట్టు ఆటనే అతని చుట్టూ తిప్పారు. ఇంకొకరిని ఏరికోరి పిలిచారు, కాలేజీలో పాయింట్ల రికార్డున్న ఆయనకు ఎదుటివాణ్ణి ఆపే పని, తిరిగొచ్చిన బంతిని పట్టే పని, తోటివాడు బంతి వేసుకోవడానికి అడ్డు నిలబడి దారి చేసే పని అప్పజెప్పారు. స్కౌట్ కాగితం చెప్పేది ఆటగాడి గతం. వాడు ఏమవుతాడన్నది వాడికిచ్చే పనిని బట్టి ఉంటుంది.

కోర్టు మీద ఆరేళ్ళు

1950 అక్టోబర్ 31న ఎర్ల్ లాయిడ్ ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యారు. మర్నాడు, నవంబర్ 1న, కూపర్ ఫోర్ట్ వేన్ జట్టు మీద బరిలోకి దిగారు. మరి కొద్దిరోజులకు క్లిఫ్టన్. మ్యాచ్‌ల తేదీలు ఒక రోజు అటూఇటూ అయితే వరస మారిపోయేది. మొదటివాడెవరన్న లెక్క కంటే, ముగ్గురూ ఒకే పని మీద ఒకే సమయంలో దిగారన్నది ముఖ్యం.

మొదటి సీజన్‌లో కూపర్ 66 మ్యాచ్‌లు ఆడి సగటున 9.3 పాయింట్లు, 8.5 రీబౌండ్లు సాధించారు. అంతకుముందు ఏడాది 22 గెలిచి 46 ఓడిన సెల్టిక్స్ ఈసారి 39 గెలిచి 30 ఓడింది. దీనికి కూజీ వచ్చాడు, ఆవర్‌బాక్ వచ్చాడు, ఎడ్ మెకాలీ వచ్చాడు అని రాస్తారు. అవన్నీ నిజమే. ప్రతి రాత్రీ ఎదుటి జట్టులోని బలమైనవాణ్ణి మోసినవాడి పేరు మాత్రం ఆ వరసలో వెనకబడుతుంది.

ఆవర్‌బాక్ మీద, తోటి ఆటగాళ్ళ మీద కూపర్‌కు వ్యక్తిగతమైన ఫిర్యాదు లేదు. బ్రౌన్ ధైర్యాన్ని ఆయన జీవితాంతం గౌరవించారు. తనను ఆటగాడిగా పూర్తిగా వాడుకోలేదన్న బాధ మాత్రం తర్వాతి కాలంలో దాచుకోలేదు. ఆ బాధకు కారణం ఒక మనిషి చెడ్డతనం కాదు. నల్లవాడు బలానికి, తెల్లవాడు బుర్రకు అన్న పని విభజన. అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు జాన్ లోయ్, జోసెఫ్ మెక్‌ఎల్వోగ్ 1970లో బేస్‌బాల్, ఫుట్‌బాల్ జట్లను లెక్కతీసి, జట్టు నిర్ణయాలకు కేంద్రంగా ఉండే స్థానాల్లో నల్లవాళ్ళు తక్కువగా, అంచున ఉండే స్థానాల్లో ఎక్కువగా ఉన్నారని చూపించారు. దీన్ని స్టాకింగ్ అంటారు. కులం అంటే పని విభజన మాత్రమే కాదని, పనిచేసేవాళ్ళ విభజన అని అంబేద్కర్ చేసిన విశ్లేషణ తెలిసిన మనకు ఇది కొత్త పాఠం కాదు.

కోర్టు బయట సంగతి ఇంకా సూటిగా ఉండేది. 1952లో నార్త్ కరోలినాలోని రాలీలో సెల్టిక్స్ మ్యాచ్ ఆడింది. జట్టు దిగిన హోటల్లో కూపర్‌కు గది ఇవ్వలేదు. ఆయన రాత్రి రైలుకు తిరిగి వెళ్ళిపోవడానికి సిద్ధపడ్డారు. కూజీ కూడా హోటల్ వదిలి ఆయనతో స్టేషన్‌కు వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద మరుగుదొడ్లకు రెండు బోర్డులు. తెల్లవాళ్ళకొకటి, నల్లవాళ్ళకొకటి. టోపీలోంచి వచ్చిన గార్డ్, రెండో రౌండులో పిలిచిన ఫార్వర్డ్ ఆ బోర్డుల ముందు నిలబడ్డారు. కోర్టు మీద ఒకే చొక్కా, స్టేషన్లో ఒకే మరుగుదొడ్డి లేదు. కూజీ ఆ రాత్రిని సిగ్గుతో గుర్తుచేసుకునేవాడు. స్నేహం ఆ రాత్రి కూపర్‌కు తోడొచ్చింది. బోర్డు మాత్రం గోడ మీదే ఉంది.

పూణేలో చర్మకార కుటుంబం నుంచి వచ్చిన పల్వంకర్ బాలూ ఇక్కడ గుర్తురావాలి. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టు తరఫున ఆయన 114 వికెట్లు తీశారు. మైదానంలో ఆయన బౌలింగ్ కావాలి, విరామంలో టీ మాత్రం ఆయనకు బయట, విడిగా మట్టి ముంతలో. హిందూ జట్టుకు అన్నేళ్ళు వికెట్లు తీసిన బాలూకు కెప్టెన్ పదవి రాలేదు. ఆ పదవి 1923లో తమ్ముడు విఠల్‌కు, అదీ పోరాడితే వచ్చింది. శ్రమ తీసుకుంటారు, నిర్ణయం ఇవ్వరు. పూణే నుంచి బోస్టన్ దాకా ఒకటే పద్ధతి.

1954లో కూపర్ మిల్వాకీ హాక్స్‌కు మారారు. 1955-56లో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ తరఫున ఆడి ఎన్‌బీఏలో ముగించారు. మొత్తం 409 మ్యాచ్‌లు, సగటున 6.7 పాయింట్లు, 5.9 రీబౌండ్లు. ఈ అంకెలు మాత్రమే చూసినవాడు, పాపం మొదటివాడు కాబట్టి పేరొచ్చింది కానీ అంత గొప్ప ఆటగాడేం కాదు అంటాడు. అలా అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వేయనివ్వని బంతికి పాయింట్లు రావు. ముందు పనిని కుదిస్తారు, తర్వాత ఆ కుదించిన పనిలోంచి వచ్చిన అంకెను చూపించి మెరిట్ ఇంతే అంటారు. రిజర్వేషన్ మీద వచ్చినవాడని ముద్రవేసి, ప్రయోగశాలలో గైడ్ దొరక్కుండా చేసి, చివరికి ప్రచురణలు తక్కువన్న కారణంతో ఇంటర్వ్యూలో పక్కనపెట్టే విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మనకు ఈ లెక్క బాగా తెలుసు.

బల్లకు అవతలి వైపు

వృత్తి ఆట తర్వాత కొంతకాలం హార్లెమ్ మెజీషియన్స్ అనే ప్రదర్శన జట్టుతో కూపర్ తిరిగారు. ఆ తర్వాత మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో సామాజిక సేవలో మాస్టర్స్ డిగ్రీ చేసి పిట్స్‌బర్గ్‌కు తిరిగొచ్చారు. పాత ఆటగాడిగా దండలు వేయించుకుంటూ గడిపేయొచ్చు. ఆయన పేదల పేటల్లో పనిచేసే ఉద్యోగాలు ఎంచుకున్నారు. 1970లో నగరపాలక సంస్థ పార్కులు, వినోద శాఖకు డైరెక్టరయ్యారు. పిట్స్‌బర్గ్ నగరంలో ఒక శాఖకు అధిపతి అయిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. ఏ పేటలో కోర్టు వేయాలి, ఏ పార్కుకు దీపాలు పెట్టాలి అని తేల్చే కుర్చీ అది.

తర్వాత పిట్స్‌బర్గ్ నేషనల్ బ్యాంకులో పట్టణ వ్యవహారాల అధికారిగా చేరారు. బ్యాంకు నియామకాల్లో నల్లవాళ్ళకు చోటు కల్పించే అఫర్మేటివ్ యాక్షన్ కార్యక్రమాలు ఆయన చూశారు. మన భాషలో చెప్పాలంటే ప్రైవేటు రంగంలో ప్రాతినిధ్యం కోసం పనిచేశారు. ఈ ఉద్యోగాన్ని ఆయన జీవితకథల్లో చివరి పేరాలో ఒక వాక్యంగా రాసేస్తారు. నా దృష్టిలో షికాగో గది ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. షికాగోలో ఆయన పేరు పలకాలా వద్దా అన్నది వేరేవాళ్ళ దయ. బ్యాంకులో ఆయన చేసిన పని, ఆ దయతో అవసరం లేని పద్ధతి ఒకటి తయారుచేయడం. తనను పిలిచిన యజమాని మంచివాడన్న కృతజ్ఞత ఉన్న మనిషే, మంచి యజమానుల కోసం తర్వాతి తరం ఎదురుచూడకూడదని అనుకున్నారు.

ఈలోగా ఆయన వదిలిన జట్టు మారింది. 1956లో బిల్ రసెల్ వచ్చారు. 1964 చివర్లో సెల్టిక్స్ అయిదుగురు నల్లజాతి ఆటగాళ్ళతో మ్యాచ్ మొదలుపెట్టింది. 1966లో రసెల్ అదే జట్టుకు కోచ్ అయ్యారు. ఆడటానికి పిలిచిన రోజు నుంచి నడిపించడానికి పిలిచిన రోజు దాకా పదహారేళ్ళు పట్టింది.

చక్ కూపర్ 1984 ఫిబ్రవరి 5న క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 57. బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను 2019లో చేర్చుకుంది. డ్రాఫ్టయిన 69 ఏళ్ళకు, చనిపోయిన 35 ఏళ్ళకు. 2021లో తెరుచుకున్న తన క్రీడా ప్రాంగణానికి డ్యూకేన్ ఆయన పేరు పెట్టింది. ఒకప్పుడు ఆయనను ఎంతసేపు దింపాలని బేరమాడిన విద్యాసంస్థలో ఇప్పుడు ఏ జట్టు ఆడటానికి వచ్చినా ఆయన పేరు కింద నుంచే లోపలికెళ్ళాలి.

మనకేం పని

ఐపీఎల్ వేలం, ప్రొ కబడ్డీ వేలం, ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్లు, ఇవన్నీ మనకు తెలిసిన డ్రాఫ్టులే. కాకినాడ నుంచి భీమవరం దాకా డెల్టా కాలేజీల్లో చదివే పేట పిల్లలు ఏటా అలాంటి బల్లల ముందు నిలబడుతున్నారు. ప్రభుత్వ ఉద్యోగంలో రాజ్యాంగం పదహారో అధికరణం కొంత అండ. ప్రైవేటు కంపెనీలో, ప్రైవేటు క్రీడా జట్టులో ఆ అండ లేదు. అక్కడ ఎంపిక చేసేవాళ్ళ కులాల లెక్క ఎవరూ అడగరు. ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు అన్న ప్రశ్నలు మాత్రం స్నేహంగానే వస్తాయి. కాగితం మీద లేని గడి అలా నిండుతుంది.

కూపర్ జీవితం చదివాక మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి. మనల్ని చూస్తున్నది ఎవరు? తీసుకున్నాక బంతి ఎవరి చేతికిస్తున్నారు? ఎంపిక బల్లకు అవతలి వైపు మనవాళ్ళు ఎంతమంది? మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఒక వాల్టర్ బ్రౌన్ దొరికితే చాలనిపిస్తుంది. కూపర్‌కు బ్రౌన్ దొరికాడు. అయినా రెండో ప్రశ్న ఆయనను ఆరేళ్ళు బాధపెట్టింది, మూడో ప్రశ్న మిగతా జీవితమంతా పని చేయించింది.

ఈసారి కాలేజీ జట్టు సెలక్షన్లకు వెళ్ళినప్పుడు, ప్లేస్‌మెంట్ కమిటీ జాబితా గోడకు అంటించినప్పుడు, ఎంపికైన పేర్లతో పాటు ఎంపిక చేసినవాళ్ళ పేర్లు కూడా చదవండి. చదివి రాసి పెట్టండి. లెక్క అడగడం అక్కణ్ణుంచే మొదలవుతుంది.